ఆట ఖతం

కొత్తవాడల మా ఇల్లు మూడర్రలు.
ముందర్రల జంపఖానాల కట్టలు,
నడిమర్రల గుంటమగ్గం, దాని పక్కన్నే మా పక్కలు,
వెనుకర్రల వంట.
నూలు లేని జాగ ఏదన్న ఉంటే
అది అన్నం గిన్నె లోపలనే.

ఆ రాత్రి కరెంటు పోయింది.
దోమలు గడపల్నే ఆగాలని
కాయిల్ ముట్టిచ్చి, స్టీలు పల్లెంల పెట్టి
ముందర్రల కట్టల పక్కకు జరిపిన.
చిలుప కొస ఒకటి వేలాడుతున్నది.
చూసిన. చూసి పండుకున్న.

నూలు ముందుగాల మండదు.
కుములుతది,
బయటవడని కోపం లెక్క.
నన్ను లేపింది మంట కాదు,
పెద్దది వర్షిణి దగ్గు.

"వంగుండ్రి!" అన్న. ఆ గొంతు నాదేనా?
నిలవడితె కండ్లల్ల కారం,
నేలకు ముక్కు ఆనిస్తె ఇంత గాలి.
వర్షిణి ముందుతలుపు దాక పాకి
బళ్లె నేర్పినట్టు చెయ్యి మరలేసి ఆనిచ్చింది.
"అమ్మా, పెనం లెక్కుంది."
తెర్వలే.
మోకాళ్ల మీద వెనుకకు మర్లినం,
వంటర్ర, గ్యాసు నాబు, గొళ్లెం,
సందు.

నల్లా కాడ లెక్కవెట్టిన.
నేను, ఆయన, వర్షిణి.
మల్ల లెక్కవెట్టిన.
లడ్డును ఆయన తెస్తుండని నేను,
నేను తెస్తున్ననని ఆయన.

ఆయన తలుపు దిక్కు ఉరికిండు.
వెనుకతలుపుల నుంచి పొగ, నల్లటి గొంగడి.
పక్కింటి మెహబూబన్న నడుం పట్టి గుంజిండు,
"నువ్వు పోతె ఇద్దరైతరు, ఆగు,
నూటొకటికి చేసిన, బండి వస్తున్నది!"
బండి వస్తది. మా గల్లీల ఆటో మర్లదు.

నేను వాని పేరు పెట్టి అరిచిన.
అరిచిన కొద్ది వాడు ఇంక లోపటికి ముడుచుకుంటడని
నాకేం తెలుసు?

వర్షిణికి తెలుసు.
ఎన్నిసార్లు దొంగైందో వానికోసం.
సందు కిటికీ ఎక్కి, కడ్డీల నడుమ మూతి పెట్టి,
ఏడ్వకుంట, బతిలాడకుంట,
పొద్దుమూకినంక గల్లంత ఇనవడేటట్టు అంటది గదా,
గట్లనే అన్నది:
"ఆట ఖతం! అందరు బయటికి రాండ్రి!
లడ్డూ, నువ్వే గెల్చినవ్!"

మగ్గం గుంటలకెళ్లి
ఒక తలకాయ లేసింది.

"లేవకు! కుక్కపిల్ల లెక్క రా!
నా దిక్కు కాదురా, వంటర్ర దిక్కు!
గోడ ఇడువకు! గోడ! గోడ!"

ఎంతసేపో నాకు తెల్వది.
ఆయన జేబుల ఫోను చూసి చెప్పిండు తర్వాత,
నిమిషం కూడ కాలేదట.
తలుపుల ముందు రెండు చేతులు కనవడ్డయి,
మసి అంటిన చిన్న చేతులు.
మెహబూబన్న వంగి ఒక్క గుంజు గుంజిండు.

వాడు నా మెడ పట్టుకోలే.
దూరం నిలవడి, దగ్గుకుంట,
అన్న మొదటి మాట ఇది:
"అమ్మా, అగ్గిపెట్టె నేను ముట్టలే."

పైపు మెయిన్‌రోడ్డు మీదికెళ్లి గుంజుకొచ్చిన్రు.
ముందర్ర పోయింది, పెండ్లోళ్ల ఆర్డరు పోయింది,
మగ్గం ఒక దిక్కు కాలి ఒక దిక్కు మిగిలింది.
తడి బూట్ల సారొకాయన నీళ్లు తాక్కుంట అన్నడు,
"పిల్లలు మంట నుంచి ఉరుకరమ్మా, దాసుకుంటరు.
మంచాల కింద, బీరువలల్ల.
ఎక్కువ మందికి తిడుతరనే భయం."

ఇప్పుడు అమాసకు మగ్గం బందు పెట్టినప్పుడల్ల
దీపాలార్పి ఇంట్ల నలుగురం పాకుతం.
లడ్డు ఆయన వంతు, వర్షిణి నా వంతు,
నల్లా కాడ లెక్క.
వాడు నవ్వుతడు, కుక్కపిల్ల లెక్క మొరుగుతడు.
గుంట మీద పలక మూసినం,
దాని మీద ఎవరూ కూసోరు.

కాయిల్ ముచ్చట మూడు నెల్లు నా నాలుక కింద ఉండె.
మొన్న అమాసకు, చీకట్ల,
వంటర్ర గడప మీద వాని మడిమె నా చేతికి తాకింది.
పట్టుకొని చెప్పిన:
"నేనే ముట్టిచ్చిన బిడ్డా."
వాడు ఆగిండు.
"మరి నువ్వు ఎక్కడ దాసుకున్నవ్?" అన్నడు.